లైఫ్ సర్టిఫికెట్ రోజు

సంక్రాంతి అరిసెల డబ్బాలు అడుగంటే వేళకి మా పింఛనుదారుల ఫోన్లలో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేశారా?" ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను తీసుకునేవాళ్ళం ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరులోగా బతికే ఉన్నామని ట్రెజరీకి రుజువు చూపించాలి. కేంద్ర ప్రభుత్వంలోనూ రైల్వేలోనూ చేసినవాళ్ళకి ఇది నవంబరు పని. వాళ్ళలో 80 దాటినవాళ్ళు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. మావాళ్ళు కొందరు రైల్వే బంధువుల్ని చూసి తామూ నవంబరులోనే ఇచ్చేసి, ఇంక అయిపోయిందిలే అనుకుని కూర్చుంటారు. మనకి అది చెల్లదు, జనవరి వచ్చాక ఇచ్చిందే లెక్క. గడువు దాటితే పింఛను ఆగుతుంది. తర్వాత ఎప్పుడో ఇస్తే ఆగినదంతా కలిపి వేస్తారు, నిజమే. కానీ నెలనెలా మందులు కొనుక్కునే మనిషికి ఆ మధ్య నెలలు ఎలా గడవాలి?

నేను రాజమండ్రిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నా, పింఛను మాత్రం రామచంద్రపురం సబ్ ట్రెజరీ నుంచే వస్తుంది. ఇక్కడికి మార్పించుకోమ్మా అని మావాడు ఏటా అంటాడు. నాకు మనసొప్పదు. 1980ల్లో నెలకి 398 రూపాయల జీతం మీద స్పెషల్ టీచరుగా చేరింది ఆ చుట్టుపక్కల పల్లెలోనే. తర్వాత స్కూల్ అసిస్టెంటునై బయాలజీ చెప్పింది, 2013లో 58 నిండి రిటైరైంది కూడా అక్కడే. ఏడాదికోసారైనా ఆ ఊరు వెళ్ళడానికి చేతిలో ఒక పని ఉండాలని నా కోరిక.

ఈసారి ఇంకో కారణం కూడా ఉంది. ఫోనులో ముఖం చూపించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పట్టుబట్టి నేర్చుకున్నాను. మా హెడ్మిస్ట్రెస్ గారికి ఇప్పుడు 84 ఏళ్ళు. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచీ మంచం దిగలేరు. పోయినేడు ఆవిణ్ణి కుర్చీతో సహా ఆటోలోకి ఎక్కించి టౌనుకి తీసుకెళ్ళారని విన్నప్పటి నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. ఇంట్లోంచే అయ్యే పనికి ఆ పెద్దావిడ అంత నొప్పి పడిందే అనిపించింది.

పద్ధతి పేరు జీవన్ ప్రమాణ్. 2014 నవంబరులో మొదలైంది. అప్పట్లో వేలిముద్రో కంటిపాపో తీసే యంత్రం ఉన్నచోటికి వెళ్ళాల్సిందే. 2021 నవంబరు నుంచి మామూలు స్మార్ట్ ఫోను కెమెరాకి ముఖం చూపిస్తే చాలు. ఫోనులో రెండు యాప్‌లు ఉండాలి: ఒకటి జీవన్ ప్రమాణ్, రెండోది ఆధార్ ఫేస్ ఆర్‌డి. రెండోది తెరిచి చూస్తే ఏమీ కనపడదు కాబట్టి పనికిరాదనుకుని కొందరు తీసేస్తారు. అది ఉంటేనే మొదటిది పని చేస్తుంది. ఇందులో తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఫోను ఎవరిదో వాళ్ళు ముందు ఆపరేటరుగా నమోదు కావాలి: తమ ఆధార్ నంబరు, ఫోను నంబరు, ఈమెయిలు ఇచ్చి, తమ ముఖం చూపించాలి. ఒకసారి అలా నమోదైతే ఆ ఫోనుతోనే ఎంతమంది పింఛనుదారులకైనా చేసి పెట్టొచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది "మాకు స్మార్ట్ ఫోను లేదండీ" అని ఆగిపోతున్నారు.

బయలుదేరే ముందు రోజు అందరికీ ఫోన్లు చేసి, కావలసినవి తీసి పెట్టుకోమని చెప్పాను: ఆధార్ కార్డు, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, పింఛను పడే బ్యాంకు ఖాతా నంబరు, ఓటీపీ చూసుకోవడానికి ఒక ఫోను. పీపీఓ పుస్తకం దగ్గరే అందరూ తడబడతారు. రిటైరైన కొత్తలో పసుపు బొట్టు పెట్టి బీరువాలో దాచింది మళ్ళీ బయటికి తీసి ఉండరు. హెడ్మిస్ట్రెస్ గారి కోడలైతే "అత్తయ్యగారి పట్టుచీరల కింద దొరికిందండీ" అని రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసింది.

పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్సులో పల్లెవెలుగు ఎక్కాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. బస్సు నిండా ద్వారపూడి బట్టల మార్కెట్టుకి వెళ్ళే ఆడవాళ్ళే. ద్వారపూడి దాటాక దారికి రెండు పక్కలా దాళ్వా (రెండో పంట) నాట్లు పచ్చగా కుదురుకుంటున్నాయి. తాపేశ్వరంలో బస్సు ఆగినంతసేపట్లో కిటికీలోంచే మడత కాజాల పొట్లాం కొనుక్కున్నాను. తాపేశ్వరం మీదుగా వెళ్ళి కాజా లేకుండా ఒకరింటి గడప తొక్కడం మా వైపు మర్యాద కాదు.

రామచంద్రపురంలో దిగి నేరుగా సబ్ ట్రెజరీకి వెళ్ళాను. ఆఫీసు ఇంకా తెరవలేదు గానీ వరండా అప్పటికే నిండిపోయింది. ఏడాదికి ఈ రెండు నెలలే మేమంతా ఒకచోట కనపడేది. ఎవరి చేతికి కర్ర వచ్చిందో, ఎవరి పక్కన రోజూ ఉండే మనిషి ఈసారి లేరో, అడక్కుండానే తెలిసిపోతుంది. మా డ్రిల్లు మాస్టారు ఒక్కరే వచ్చారు. టీచరమ్మ గారేరీ అని అడగబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆయనే చెప్పారు: "కార్తీకంలో వెళ్ళిపోయిందమ్మా. ఇద్దరిదీ ఒకేసారి ఇచ్చేవాళ్ళం కదా. పొద్దున్న రెండు ఆధార్ కార్డులూ జేబులో పెట్టుకునే బయల్దేరాను." కాసేపు ఆయన పక్కనే కూర్చున్నాను. ఆవిడ కూడా టీచరుగా రిటైరైన మనిషే కాబట్టి, ఆవిడ పోయిన సంగతి ట్రెజరీకి రాసిచ్చారా అని మెల్లిగా అడిగాను. ఇంకా లేదన్నారు. అది వెంటనే చెయ్యాలి. మనిషి పోయాక ఖాతాలో పడిన పింఛను తర్వాత వెనక్కి కట్టాల్సి వస్తుంది. మరణ ధ్రువపత్రం నకలు, పీపీఓ నంబరు జతచేసి ఒక అర్జీ ఇస్తే సరిపోతుంది. అర్జీ నేనే రాశాను. ఆయన సంతకం పెట్టారు. మరణ ధ్రువపత్రం ఇంట్లో ఉందంటే, మధ్యాహ్నం తెచ్చి రెండూ కలిపి ఇవ్వమని చెప్పాను.

వరండా చివర బల్ల మీద మా లెక్కల మాస్టారు అప్పటికే కొలువు తీరారు. చుట్టూ పదిమంది, అందరి చేతుల్లో పింఛను స్లిప్పులు. ఆయనకి 75 నిండాయి. మూల పింఛను మీద 70 నిండితే 7 శాతం, 75 నిండితే 12 శాతం అదనంగా కలుస్తుందని మావాళ్ళలో సగం మందికి తెలియదు. బ్యాంకులో ఎంత పడితే అంత తీసుకోవడమే తప్ప స్లిప్పు విప్పి చూసేవాళ్ళు అరుదు. మాస్టారు ఒక్కొక్కరిదీ తీసుకుని, ముందు పుట్టిన తేదీ అడిగి, మూల పింఛను గీత కింద పెన్సిలుతో సున్నా చుట్టి, శాతం కట్టి, "ఇదిగో ఈ అంకె కింద కనపడుతోందా? అయితే సరే, వెళ్ళండి" అంటున్నారు. పదో తరగతి పిల్లలకి చక్రవడ్డీ చెప్పినప్పుడు ఎంత ఓపిక ఉండేదో ఇప్పటికీ అంతే ఓపిక. నన్ను చూసి "బయాలజీ గారూ, రండి రండి. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. ఆవిడ పొద్దున్నే పనసపొట్టు కొట్టించింది" అన్నారు. మరో మాటకి తావు లేదు.

నా పని మాత్రం తొందరగానే తెమిలింది. వేలిముద్ర యంత్రం మీద ఏ వేలు పెట్టినా గుర్తు పట్టలేదు. ఈ వయసులో చాలామందికి అంతే, వేళ్ళ గీతలు అరిగిపోతాయి. దానికి బెంగ పడక్కర్లేదు. వరండాలోకి వచ్చి, నా ఫోనులోనే నా ముఖం చూపించుకున్నాను. ప్రమాణ్ ఐడీ, అంటే ఆ సర్టిఫికెట్టు నంబరు, మెసేజ్‌లో రాగానే కౌంటరులో ఉన్న అమ్మాయికి చూపించాను. తన కంప్యూటరులో చూసి "వచ్చిందండీ మేడమ్" అంది. అది చూసి పక్కనున్న ముగ్గురు నలుగురు నా చుట్టూ చేరారు. వాళ్ళకీ అక్కడే చేసి పెట్టాను. ఆ అమ్మాయే కుర్చీ తెచ్చి వెలుతురున్న చోట వేసింది.

అక్కణ్ణుంచి బ్యాంకుకి వెళ్ళాను. అక్కడ పని నామినీ మార్పు. మావారి పేరు ఇంకా అలాగే ఉంది. నామినీ బతికి లేకపోతే ఆ పేరు అక్కడున్నా లేనట్టే. పాస్‌బుక్కు తీసి మొదటి పేజీలో నామినీ నమోదై ఉందో లేదో, ఉంటే ఎవరి పేరో చూసుకోమని నా తోటివాళ్ళందరికీ చెబుతున్నాను. 2025 నవంబరు 1 నుంచి ఒక్క ఖాతాకి నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు. ఎవరికి ఎంత శాతమో రాయాలి, మొత్తం కలిపితే 100 కావాలి. ఫారం నింపి అబ్బాయికీ అమ్మాయికీ చెరి సగం రాశాను. రసీదు అడిగి తీసుకున్నాను.

మాస్టారింట భోజనం గురించి రాయకపోతే ఆ ఇల్లాలికి అన్యాయం చేసినదాన్నవుతాను. పనసపొట్టు కూర ఆవ పెట్టి, ముద్దపప్పు, మజ్జిగ పులుసు, అరిటాకులో. మాస్టారికి షుగరు కాబట్టి నేను తెచ్చిన కాజా ఆయన ముట్టరు. ఆవిడ మాత్రం ఒక్కటి విరిచి సగం ఆయనకి కనపడేలా నోట్లో వేసుకుని నవ్వింది. తింటూ మేం ముగ్గురం ఒక జాబితా వేసుకున్నాం: మా మూడు నాలుగు స్కూళ్ళలో చేసినవాళ్ళలో ఎవరు కదలలేకుండా ఉన్నారు, ఎవరు పిల్లల దగ్గరికి హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోయారు, ఎవరు పోయాక వాళ్ళ భార్యకి ఫ్యామిలీ పింఛను వస్తోంది. దూరాన ఉన్నవాళ్ళ సంగతి తేలికే, వాళ్ళు ఉన్నచోటి నుంచే ఫోనులో ఇచ్చేయొచ్చు. ఆ మూడో వరుసలోకి వచ్చేసరికి మాస్టారు అన్నం కలపడం ఆపేశారు. "మన అటెండరు భార్యని ఈ రెండేళ్ళలో ట్రెజరీ దగ్గర నేను చూళ్ళేదండీ" అన్నారు.

ముందు హెడ్మిస్ట్రెస్ గారింటికి వెళ్ళాను. నేను చేరిన కొత్తలో ఆవిడంటే హడల్. తొమ్మిదీ ముప్పావుకి రిజిస్టరు తన బల్ల మీదికి తీసేసుకునేది. తొమ్మిదీ నలభయ్యారుకి వెళ్ళినవాళ్ళు ఎర్ర సిరా గీత కింద సంతకం పెట్టాల్సిందే. ఇప్పుడు హాల్లో మంచం మీద, గోడకి ఆనించిన దిళ్ళ మధ్య చాలా చిన్నగా కనపడింది. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. "నువ్వు మైక్రోస్కోపు కొనిపించావు కదూ, జిల్లా పరిషత్తు చుట్టూ తిరిగి" అంది. నేనే మర్చిపోయిన సంగతి అది.

ముఖం చూపించే పని చెప్పినంత సులువు కాదు. కాస్త ఓపిక పట్టాలి. మంచం ఉన్నచోట వెలుతురు వెనక కిటికీలోంచి పడుతోంది. అలా ఉంటే ముఖం నీడలోకి పోయి కెమెరా పట్టుకోదు. కోడలూ నేనూ కలిసి మంచాన్ని అడ్డంగా తిప్పి, కిటికీ ఆవిడ ఎదురుగా వచ్చేలా చేశాం. వెనక పూల దుప్పటి వేలాడుతుంటే తీసేసి తెల్ల గోడ కనపడేలా ఉంచాం. కళ్ళజోడు తీయించాం. మొదట ఆవిడ ఆధార్ నంబరు, కోడలి ఫోను నంబరు కొట్టాను. ఓటీపీ కోడలి ఫోనుకి వచ్చింది. తర్వాత వివరాలు: పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే, సర్వీసు పింఛనా ఫ్యామిలీ పింఛనా, మంజూరు చేసింది ఎవరు, చెల్లిస్తున్నది ఏ ట్రెజరీ, పీపీఓ నంబరు, ఖాతా నంబరు. ఇక్కడ ఒక అంకె తప్పు పడితే సర్టిఫికెట్టు మన పేరున చేరదు. కోడలు పైకి చదువుతుంటే నేను కొట్టాను, మళ్ళీ నేను చదువుతుంటే ఆ అమ్మాయి పుస్తకంలో చూసింది.

ఇక కెమెరా. తెర మీద గుండ్రటి గీత వస్తుంది. ముఖం అందులో ఇమడాలి, కళ్ళు ఆర్పాలి. ఆర్పితేనే ఎదుట ఉన్నది మనిషి, ఫొటో కాదని దానికి తెలుస్తుంది. ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. "ఆర్పండి మేడమ్" అంటే గట్టిగా మూసేసి అలాగే ఉంచేస్తోంది, మళ్ళీ తెరిచేసరికి సమయం అయిపోతోంది. ఫోను నేను పట్టుకుంటే నా చెయ్యి కూడా వణుకుతోంది. దిండు మీద పుస్తకాలు పేర్చి ఫోనుని వాటికి ఆనించాం. ఎదురుగా నేను కూర్చుని, "నా కళ్ళు చూడండి, నేనెలా ఆర్పితే మీరూ అలా" అన్నాను. ఇద్దరం ఒకర్నొకరం చూసుకుంటూ రెప్పలు కొట్టాం. గీత పచ్చగా మారింది.

కోడలి ఫోనుకి ప్రమాణ్ ఐడీతో మెసేజ్ వచ్చింది. అయిపోయింది మేడమ్ అన్నాను. "సంతకం?" అంది ఆవిడ. అక్కర్లేదని చెప్పాను. వినలేదు. "రిజిస్టరులో సంతకం లేకపోతే వచ్చినట్టు ఎలా తెలుస్తుందే?" అని చెయ్యి చాచింది. నా నోటు పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి, ప్రమాణ్ ఐడీ రాసి, పెన్ను చేతికిచ్చాను. ఇంగ్లీషులో, పూర్తి పేరుతో, ఇంటిపేరు మొదటి అక్షరం పెద్దదిగా, కింద గీత గీసి మరీ పెట్టింది. అప్పుడు రిజిస్టర్లలో చూసిన సంతకమే, కొంచెం వంకర పోయింది అంతే. ఆ కాగితం చింపకుండా పుస్తకంలోనే ఉంచుకున్నాను. కోడలికి మాత్రం వెబ్‌సైటులో ఆ ఐడీ కొట్టి సర్టిఫికెట్టు ఎలా దించుకోవాలో చూపించాను, తన ఫోనులో యాప్‌లు కూడా పెట్టాను. వచ్చే ఏడాది తనే చేస్తుంది.

అటెండరు ఇల్లు ద్రాక్షారామం దారిలో ఉన్న పల్లెలో. శివరాత్రి దగ్గర పడింది కదా, ద్రాక్షారామం వెళ్ళే ఆటోలన్నీ కిక్కిరిసి ఉన్నాయి. మాస్టారు కూడా నాతో వచ్చారు. మా అటెండరు బెల్లు కొట్టడంలో ఒక్క నిమిషం అటూ ఇటూ అయ్యేది కాదు. తుపాను రోజుల్లో స్కూల్లోనే పడుకుని లాబ్ సామాన్లన్నీ బల్లల మీదికి ఎక్కించిన మనిషి. పోయి నాలుగేళ్ళు దాటింది. భార్య కూతురింటి వెనక రేకుల వసారాలో ఉంటోంది. మమ్మల్ని చూడగానే "టీచరుగారండీ, మాస్టారుగారండీ" అంటూ చాప వేసి, కంగారుగా లోపలికెళ్ళి రెండు కొబ్బరి బొండాలు పట్టుకొచ్చింది.

పింఛను వస్తోందా అమ్మా అని అడిగాను. పోయినేడు వేసవి నుంచీ పడటం లేదట. "గవర్నమెంటోళ్ళు తీసేశారంటండీ. ఆయన పోయి చాలా రోజులైపోయింది కదండీ, ఇంకెన్నాళ్ళిస్తారు" అంది. ఎవరో అలా చెబితే నమ్మేసింది. పొలం పనికి పోతోంది, మోకాళ్ళు పట్టేసినా. ఫ్యామిలీ పింఛను ఆవిడ బతికి ఉన్నంతకాలం ఆవిడ హక్కని మాస్టారు చెబుతుంటే, అర్థమైనా కాకపోయినా తల ఊపుతోంది.

లైఫ్ సర్టిఫికెట్టు ఎందుకివ్వలేదో తెలుసుకోవడానికి కాసేపు పట్టింది. కూతురు అడిగినా చెప్పలేదట. మాస్టారు బొండాం నీళ్ళు తాగి వీధిలోకి వెళ్ళాక నాతో చెప్పింది. పోయినేడు ఒక ఇంటర్నెట్టు షాపుకి వెళ్ళిందట ఇవ్వడానికి. అక్కడి కుర్రాడు కంప్యూటరులో చూస్తూ, నిండా మనుషులున్న చోట గట్టిగా అడిగాడట: "మళ్ళీ పెళ్ళి చేసుకున్నావా?" చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఒకడెవడో నవ్వాడు. "నాకు తల కొట్టేసినట్టయిపోయిందండీ. కాయితాలు తీసుకుని వచ్చేశాను. మళ్ళీ ఆ మెట్టెక్కలేదండీ" అంది.

ఆ ప్రశ్న ఫారంలో ఉన్నదే. అందరికీ ఉంటుంది. మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా, మళ్ళీ ఉద్యోగంలో చేరారా అని రెండు ప్రశ్నలు, అవును కాదు అని నొక్కాలి. నాకూ ఉంది, హెడ్మిస్ట్రెస్ గారికీ ఉంది, మాస్టారికీ ఉంది. ఆ సంగతి ఆవిడకి చెప్పి, నా ఫోను తెర ఆవిడ వైపు తిప్పి చూపించాను. "ఇదిగోనమ్మా, పొద్దున్న నేను కూడా ఇక్కడే 'కాదు' నొక్కాను. నిన్ను ఒక్కదాన్నే అడిగింది కాదు." ఆవిడ తెర వంక చాలాసేపు చూసింది. చదవడం రాదు. అయినా వేలు పెట్టి, "ఇదేనాండీ?" అంది. ఇదే అన్నాను. ఆవిడ చేతే నొక్కించాను.

ఆ కుర్రాడు కావాలని అవమానించాడని నేననుకోను. కానీ భర్త పోయిన ఆడమనిషిని ఏది ఎలా అడగాలో నేర్పకుండా ఆ కుర్చీలో కూర్చోబెట్టినందుకు నాకు కోపం వచ్చింది, ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. చదువుకున్న టీచర్లం మేం ఏదోలా మా పని జరుపుకుంటాం. ఆగిపోయేది ఇలాంటి వాళ్ళ పింఛనే. అటెండర్ల, స్వీపర్ల, వాచ్‌మన్ల భార్యలు. భర్త బతికున్నన్నాళ్ళూ ఆ కాగితాలన్నీ ఆయన చూసుకున్నవే. ఏ నెలలో ఏది ఇవ్వాలో వాళ్ళకి చెప్పే దిక్కు లేదు.

వసారాలో వెలుతురు బాగుంది. ఆవిడ కళ్ళు చురుగ్గా ఉన్నాయి, రెప్ప వెయ్యమనగానే వేసింది, వెంటనే పట్టుకుంది. ఓటీపీ కూతురి ఫోనుకి. ఖాతా నంబరు దగ్గర పాస్‌బుక్కులో ఒక అంకె చెమటకి చెరిగిపోయి ఉంటే, పాత మెసేజులు వెతికి సరిచూసుకున్నాం. ప్రమాణ్ ఐడీ రాగానే ఒక చీటీ మీద పెద్ద అంకెలతో రాసి, కింద "ప్రతి సంవత్సరం జనవరి – ఫిబ్రవరి" అని తెలుగులో రాసి కూతురి చేతికిచ్చాను.

"డబ్బులెప్పుడు పడతాయండీ?" అని అడిగింది. పింఛను ఒకసారి ఆగాక ఐడీ వచ్చినంత మాత్రాన దానంతటదే పడుతుందని అనుకోకూడదు. ట్రెజరీలో అడిగి, మళ్ళీ విడుదల చేయించుకోవాలి. ఆగిన నెలలవి కూడా కలిపి ఇమ్మని అర్జీ ఇవ్వాలి. అర్జీ అక్కడే చాప మీద రాశాను, ఆవిడ వేలిముద్ర వేసింది, మాస్టారు సాక్షి సంతకం పెట్టారు. మర్నాడు పొద్దున్నే ఆయనే తీసుకెళ్ళి ఇచ్చారు. పాత బకాయిలతో కలిపి వచ్చే బిల్లులో పెడతామన్నారని ఫోను చేశారు. డ్రిల్లు మాస్టారి అర్జీ కూడా అందిందట.

భోజనాల దగ్గర వేసిన జాబితాలో ఫ్యామిలీ పింఛనుదారుల పేర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. రామచంద్రపురం చుట్టుపక్కలవి మాస్టారు చూస్తారు. ఆయన ఫోనులో కూడా యాప్‌లు పెట్టి, ఆయన్నే ఆపరేటరుగా నమోదు చేసి వచ్చాను. మండపేట, ద్వారపూడి వైపువి నేను చూస్తాను, బస్సు దారే కదా. ఎవరూ దగ్గర లేని పెద్దవాళ్ళుంటే పోస్టాఫీసులో చెబితే పోస్ట్‌మాన్ ఇంటికే వచ్చి చేసి పెడతాడు, దానికి 70 రూపాయలు. ఇది చదివేవాళ్ళ ఇంట్లోనో వీధిలోనో పింఛను తీసుకునే పెద్దవాళ్ళుంటే, ముఖ్యంగా భర్త పోయాక ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళుంటే, ఈ ఏడాది సర్టిఫికెట్టు ఇచ్చారో లేదో ఒక్కసారి అడగండి. ఈసారి, అంటే 2026లో, ఫిబ్రవరి 28 నాలుగో శనివారం, ఆ రోజు బ్యాంకులుండవు. ఖాతా నంబరులో ఏ తేడా వచ్చినా సరిచేయించుకోవాలంటే 27 శుక్రవారం లోపలే చూసుకోవాలి.